నూట యాభై యూరోల గిటారూ, మా మాలకీ మొండితనమూ

ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున నేను సోడా రొట్టెకి పిండి కలుపుతుంటే, మా తమ్ముడు మాలకీ బ్రెహనీ ఒక పొడుగాటి అట్టపెట్టె తెచ్చి సరిగ్గా ఆ పిండి పక్కనే బల్ల మీద పెట్టాడు, ఇంట్లో ఇంకెక్కడా చోటు లేనట్టు. కత్తెర ఇమ్మన్నాడు. నా చేతులు రెండూ మోచేతుల దాకా పిండిలో ఉన్నాయన్నది వాడి కంటికి ఆనదు.

"ఏంట్రా అది?"

"ఏం లేదు. గిటార్."

"బాంజో ఉండగా గిటార్ దేనికి?"

"ఊరికే. చవగ్గా వస్తోందని తెప్పించా. నూట యాభై యూరోలు."

అరవై ఏడేళ్ళ మనిషి. ముప్ఫై అయిదేళ్ళు పాల ట్యాంకర్ తోలి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. నా భర్త పోయాక అక్కాతమ్ముళ్ళిద్దరం ఈ ఇంట్లోనే ఉంటున్నాం, పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో మాలకీ 'ఊరికే' కొన్న వస్తువు ఒక్కటి లేదు. బూట్లకి లేసులు కొనాలన్నా రెండు వారాలు ఆలోచించే రకం. ఆ గిటార్ ఎందుకొచ్చిందో నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి వాడికీ తెలుసు. అయినా నా మొహం మీదే 'ఊరికే' అన్నాడు చూడండి, అక్కడ మండింది నాకు.

అది అట్రాక్టా మారెన్ కోసం వచ్చిన గిటార్.

మా ఊరు కిల్లవీలో ఆదివారం చర్చిలో పదకొండు గంటల పూజ అయ్యాక, వీధి చివర గిల్‌హూలీ పబ్బులో వాయించేవాళ్ళంతా చేరతారు. ఫిడేళ్ళు, ఫ్లూట్లు, అకార్డియన్ అనే ఒక చేతిపెట్టె, మా వాడి బాంజో. ఎవరూ పిలవరు, ఎవరూ డబ్బులివ్వరు, మధ్యాహ్నం మూడింటి దాకా వాయించి ఇళ్ళకి పోతారు. కిటికీ పక్కన బెంచీ మీద అట్రాక్టా ఫిడేలు, ఆమెకి ఎడమ పక్కన మాలకీ బాంజో. నలభై ఏళ్ళుగా అదే చోటు. ఆమెకి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, భర్త పోయాడు, ఆమె చోటు మారలేదు, వీడి చోటూ మారలేదు. ప్రేమా దోమా అని నన్నడక్కండి, నాకు తెలీదు. వాడికీ తెలుసని నేననుకోను. ఆమె కమాను పైకెత్తగానే ఏ పాట రాబోతోందో వీడికి తెలిసిపోయేది, అంతవరకు నేను కళ్ళారా చూశాను.

జనవరిలో ఆమె రావడం మానేసింది. ఒక వారం కోళ్ళన్నారు, ఇంకో వారం దగ్గన్నారు, మూడో వారం కారు మొరాయించిందన్నారు. మా ఊళ్ళో ఇలా మూడు సాకులు వరసగా వస్తే నాలుగోది ఎవరూ అడగరు. ఆమె లేకపోతే చూడాలి ఆ బెంచీ. అందరూ వాయిస్తున్నారు గానీ, పెళ్ళిలో పెళ్ళికూతురు లేచెళ్ళిపోయాక మిగిలిన చుట్టాల్లా ఉన్నారు.

అసలు సంగతి మందుల షాపులో తెలిసింది. అక్కడ పనిచేసే షినేడ్, అట్రాక్టాకి అక్క కూతురు. నా రక్తపోటు మాత్రలు కవర్లో వేస్తూ గొంతు తగ్గించి చెప్పింది. "మా పిన్నికి ఎడమ చెవి పూర్తిగా పోయింది ఆంటీ. కుడిచెవికి మిషన్ పెట్టారు. వచ్చే చలికాలం దాకా ఆ చెవి పనిచేస్తే అదృష్టమన్నాడు డాక్టరు. ఆ మిషన్‌తో బాంజో పక్కన కూచోలేదు. మీటిన ప్రతిసారీ బుర్రలో మేకు దిగినట్టుంటుందిట. మిషన్ తీసేస్తే తన ఫిడేలే తనకి వినపడదు."

"మరి మా వాడితో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"ఎలా చెబుతుంది ఆంటీ? ఆయన బాధపడరూ?"

ఇదీ మా ఊరి వరస. వంద మందిలో ఒకరు కూడా నీ బాంజో గట్టిగా మోగుతోంది అనరు. లేచి ఇంటికెళ్ళిపోతారు. తలుపేసుకుని కూచుంటారు. పోయేదాకా అలాగే కూచుంటారు గానీ, ఎదుటివాడు బాధపడతాడని నోరు విప్పరు. ఇలాంటి మర్యాదని తీసుకెళ్ళి బావిలో పారెయ్యాలి.

నేను మర్యాదస్తురాలిని కాను. ఆ రోజు భోజనాల దగ్గరే చెప్పేశాను. మాలకీ మిగిలిన బంగాళాదుంప తిన్నాడు. కంచం కడిగాడు. ఏనాడూ ముట్టని నా మూకుడు కూడా కడిగాడు. తరవాతి ఆదివారం పబ్బుకి వెళ్ళాడు గానీ బాంజో పెట్టె తెరవలేదట, వేలు నొప్పన్నాడట. మూడు వారాలు ఇంట్లో చప్పుడు లేదు. ఆ తరవాతే ఈ అట్టపెట్టె దిగింది. గిటార్ గొంతు మెత్తన. ఆమె పక్కన కూచుని మెత్తగా వాయిస్తే ఆమె మళ్ళీ వస్తుంది. ఆ చెవి ఉన్నన్నాళ్ళూ కలిసి వాయించుకోవచ్చు. ఇంత చక్కటి ఆలోచన చేసినవాడు, ఆ ముక్క ఆమెకి చెప్పి రావచ్చుగా? చెప్పడు. ఊరికే తెప్పించాడట, ఊరికే.

పెట్టెలోంచి తీస్తే చూడ్డానికి ముచ్చటగానే ఉంది. మామూలు గిటార్ కంటే చిన్నది, సన్నటి మెడ, ఆరుకి బదులు నాలుగే తీగలు. బాంజో వాయించే చేతికి అదే కావాలి. దాంతో పాటు ఏ తీగ ఏ స్వరానికి బిగించాలో చెప్పే కాగితం ఒకటి వచ్చింది. మాలకీ అది చూసి మడిచి పొయ్యిలో వేశాడు.

"చదవకుండా పారేశావేంట్రా?"

"చదివాను కాబట్టే పారేశాను. అది మన శ్రుతి కాదు."

మన శ్రుతి అంటే ఫిడేలు శ్రుతి, దానికి ఒక స్థాయి కిందుగా. ఇక్కడ బాంజో పట్టినవాళ్ళంతా అలాగే బిగిస్తారు. గిటార్ చేసినవాళ్ళు వాళ్ళ లెక్కలో వాళ్ళు సన్నటి తీగలేసి, ఇంకాస్త ఎత్తు శ్రుతికి బిగించి పంపారు. మాలకీ బిరడలు వదులు చేసుకుంటూ పోయాడు. వదిలినకొద్దీ తీగలు బట్టలారేసే తాళ్ళలా వేలాడాయి. మీటితే మెడ మీది మెట్లకి తగిలి బర్రుమంటున్నాయి. సాయంత్రం దాకా ఆ బర్రు వింటూనే నేను రొట్టె చేశాను, బట్టలు మడిచాను, చెల్లెలికి ఉత్తరం రాశాను. నా బుర్ర వాచిపోయింది.

"తీగలు సన్నవి, అందుకే," అన్నాడు చివరికి, అదేదో కొత్తగా కనిపెట్టినవాడిలా. "లావువి కావాలి. నా దగ్గరున్నాయి."

నలభై ఏళ్ళ బాంజో తీగలు ఒక బిస్కెట్ డబ్బాలో దాచిపెట్టాడు వాడు, ఏ తీగనీ పారెయ్యడు. అందులోంచి నాలుగు ఏరి బిగించడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఒక్క చిన్న సంగతి ఉంది. బాంజో తీగ చివర ఉచ్చు ఉంటుంది, కొక్కేనికి తగిలిస్తారు. గిటార్ తీగ చివర చిన్న ఇత్తడి గుండు ఉంటుంది. ఆ గుండుని గిటార్ పొట్టలో ఉన్న కన్నంలోకి దింపి, పైనుంచి పిన్ను గుచ్చితే ఆ గుండే పట్టుకుని ఆపుతుంది. గుండు లేని తీగని ఏ పిన్నూ ఆపలేదు. ఇది గిటార్ పట్టిన ఏ పసిపిల్లకైనా తెలుస్తుంది. నలభై ఏళ్ళు బాంజో వాయించిన మహానుభావుడికే తెలీదు.

"అది ఆగదేమోరా," అన్నాను నేను, పక్కనే సూపు కలుపుతూ.

"నువ్వు నీ సూపు చూసుకో డింప్నా. నలభై ఏళ్ళనుంచి తీగలు బిగిస్తున్నాను."

నాలుగో బిరడ తిప్పుతుండగా టప్పుమని పిన్ను లేచింది. తిన్నగా వచ్చి నా బఠాణీ సూపులో పడింది. ఇద్దరం గిన్నెలోకి చూశాం. వాడు గరిటె అందుకుని ఆ పిన్నుని తీసి, చొక్కాకి తుడిచి, మళ్ళీ అదే కన్నంలో గుచ్చాడు. అదే తీగ. రెండోసారి ఎగిరింది పిన్ను కాదు, తీగే. వాడి బొటనవేలు చీరేసింది. నేను కట్టు కట్టాను, నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. తిట్టకపోతే నా గుండె ఆగిపోయేది.

గుండున్న లావు తీగలు పోస్టులో రావడానికి రెండు వారాలు. వచ్చాయి. బిగించాడు. ఇప్పుడు ఇంకో తంటా. మెడ పైచివర, తీగలు దాటొచ్చే తెల్ల పట్టీకి, అవి కూచోడానికి సన్నటి గాళ్ళు కోసి ఉంటాయి. ఆ గాళ్ళు ఫ్యాక్టరీ సన్న తీగలకి కోసినవి. లావు తీగ గాట్లో దిగకుండా పైనే కూచుంది. మొదటి మెట్టు దగ్గర నొక్కితే స్వరం పక్కకి పోతోంది. పైగా పొట్ట మీదున్న రెండో పట్టీ మరీ ఎత్తు. పన్నెండో మెట్టు దగ్గర తీగకిందికి రెండు యూరోల నాణెమూ, దాని మీద ఒక సెంటు నాణెమూ కలిపి దూర్చినా ఇంకా చోటుంది. నొక్కేసరికి వాడి వేళ్ళు కందిపోతున్నాయి.

ఊళ్ళో ఇలాంటి పనులు చేసేవాడు ఒక్కడే, కిటికీలూ శవపేటికలూ చేసే వడ్రంగి ట్యూహీ. ఫిడేళ్ళు కూడా బాగుచేస్తాడు, పనిమంతుడే, అందులో మాట లేదు. మాలకీ మే మొదట్లో ఇచ్చొచ్చాడు. 'మంగళవారానికి' అన్నాడట ట్యూహీ. ఏ మంగళవారమో అనలేదు. ఒక మంగళవారం పోయింది. రెండోదీ పోయింది. ప్రతి మంగళవారం మాలకీ వెళ్ళడం, అరగంట వానల గురించీ ఫుట్‌బాల్ గురించీ మాట్లాడడం, ఒట్టి చేతుల్తో తిరిగిరావడం. ఐదో మంగళవారం నేనడిగాను.

"ఏమన్నాడు?"

"పనెక్కువగా ఉందిట."

"నువ్వేమన్నావు?"

"తొందరేం లేదన్నాను."

నేను చేతిలో పట్టుకున్న టీ కప్పు కింద పెట్టాల్సి వచ్చింది. అక్కడ ఆ మనిషి చెవి రోజురోజుకీ మూసుకుపోతోంది. మే పోయింది, జూన్ వచ్చింది. నవంబరులో ఏమీ మిగలకపోవచ్చు. వీడేమో వడ్రంగి దగ్గరికి పోయి తొందర లేదంటాడు. తొందర లేకపోతే ఎందుకు నాయనా వారం వారం పోతావు అని ట్యూహీ అయినా అడిగాడా? అడగడు. ఇద్దరూ ఇద్దరే.

నేను కోటు వేసుకుని నడుచుకుంటూ ట్యూహీ షెడ్డుకి వెళ్ళాను. గిటార్ మీద ఒక కిటికీ తలుపు, దాని మీద వాడి కోటు. "ఏమయ్యా ట్యూహీ, నీకు పనెక్కువ, నాకు ఓపిక తక్కువ," అని చెప్పి గిటార్ లాక్కొచ్చాను. ట్యూహీ పాపం 'తొందరేం లేదన్నాడే మాలకీ' అని నా వెనకాల గొణుగుతూనే ఉన్నాడు.

నేనేం చేసేదాన్నో చెప్పలేదు కదూ. స్లైగో పట్నంలో పళ్ళ సెట్లు చేసే లాబ్‌లో ముప్ఫై ఏళ్ళు. ఈ జిల్లాలో ఎంతమంది ముసలాళ్ళు నేను అరగదీసిన పళ్ళతో మాంసం నమిలారో లెక్కలేదు. నా ఆకురాళ్ళు, సూది అంత సన్నవి, ఇంకా అలమారలో ఉన్నాయి. పన్ను ఎక్కడ ఎత్తుందో పట్టిచ్చే నీలం కాగితం కూడా ఉంది. అవన్నీ బల్ల మీద పరిచేసరికి మాలకీ మొహం పాలిపోయింది.

"డింప్నా, పళ్ళు వేరు, గిటార్ వేరు."

"రెండిటికీ ఎత్తెక్కువైతే బాధే. మెడ పట్టుకో. కదలనివ్వకు."

"ఎక్కువ దిగితే ఇక పనికిరాదు."

"నేను ఎక్కువ దించితే జనం అన్నం తినడం మానేసేవాళ్ళు. నోరు మూసుకుని పట్టుకో."

తీగ తియ్యడం, ఆకురాయితో రెండు సార్లు గీకడం, తీగ పెట్టడం, చూడడం. మళ్ళీ తియ్యడం. తీగ లావులో సగం గాట్లో కూచోవాలి, సగం పైకి కనపడాలి. గాడి తలవైపుకి కాస్త వాలాలి, లేకపోతే చప్పుడు గరగరలాడుతుంది. నాలుగు గాళ్ళకి రెండు గంటలు. పెన్సిల్ ముక్క గీకి ఆ పొడి గాళ్ళలో వేశాను, తీగ జారడానికి. తరవాత పొట్ట మీది పట్టీ ఊడదీసి, అడుగున ఎంత తియ్యాలో గీత గీసి, గాజు పలక మీద గరుకు కాగితం పరిచి రుద్దాను. ఈ పట్టీకి అడుగు చదునుగా ఉండాలి, లేకపోతే చెక్కకి ఆనదు, మోత చచ్చిపోతుంది. నీలం కాగితం మీద నొక్కి చూస్తే ఒక మూల రంగంటలేదు. మళ్ళీ రుద్దాను. మాలకీ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, నేనేదో వాడి దవడే కోస్తున్నట్టు.

"ఇక చాలేమో."

"చాలో చాలదో నేను చెబుతాను."

అన్నీ బిగించాక రెండు యూరోల నాణెం ఒక్కటే దూరింది, అదీ తీగకి తగులుతూ. వాడు శ్రుతి చేసుకుని ఒక్కసారి మీటాడు. నేను చెప్పాల్సిన పని లేదు గానీ చెబుతాను, చవకబారు చెక్క, ఎక్కడో ఏ ఫ్యాక్టరీలోనో వందల్లో చేసినది, అయినా ఆ మొదటి మోతకి నా కళ్ళు చెమర్చాయి. లోతుగా, గుండ్రంగా, గోడకి తగలకుండా గది మధ్యలోనే నిలబడింది. మాలకీ ఏమన్నాడనుకున్నారు?

"గట్టిగా ఉందా?"

"లేదురా."

"పక్క గదిలోకెళ్ళి విను."

వెళ్ళాను. మెట్ల మీదికెళ్ళమన్నాడు. వెళ్ళాను. పెరట్లోకి పొమ్మన్నాడు. వానలో నిలబడి విన్నాను. ఆ పూట నుంచి పది రోజులు ఇదే తంతు. నలభై ఏళ్ళు గదంతా అదిరేలా కొట్టిన కుడిచెయ్యి, దాన్ని లొంగదీసుకోవాలి వాడు. ఇంకా మెత్తగా, ఇంకా మెత్తగా. తీగలు మీటే ప్లాస్టిక్ ముక్కలు నాలుగు రకాలు మార్చాడు. చివరికి ఉన్నవాటిలో పలచటిది పట్టుకున్నాడు. బాంజోని పెట్టెతో సహా పైగదిలో మంచం కిందికి తోశాడు.

"ఇక వెళ్ళి చెప్పరా ఆవిడకి," అన్నాను.

"చెప్పడమెందుకు? వస్తే వస్తుంది."

"ఎలా వస్తుంది? కలగంటుందా?"

"ఎవరో ఒకరు అంటారులే."

ఆ ఎవరో ఒకరు నేనే. నాకు తెలుసు, మొదటినుంచీ తెలుసు. జూన్ ఆఖరి గురువారం కారు తీసి అట్రాక్టా ఇంటికి వెళ్ళాను. కోళ్ళకి మేత వేస్తోంది. నేను వెనకనుంచి రెండుసార్లు పిలిచినా తిరగలేదు. భుజం తడితే తిరిగి నవ్వింది. టీ పెట్టింది, రొట్టె కోసింది, వెన్న రాసింది, కోళ్ళ గురించి చెప్పింది, కారు గురించి చెప్పింది. నేను కప్పు కింద పెట్టి ఆమె కుడిచెవి వైపుకి జరిగాను.

"అట్రాక్టా, నీ కారు బానే ఉందని నాకు తెలుసు. మా వాడు బాంజో మానేశాడు. నీ చెవి కోసం. నాలుగు తీగల గిటార్ ఒకటి కొని, దాంతో మూడు నెలలు నా ప్రాణం తీసి, మెత్తగా వాయించడం నేర్చుకున్నాడు. నీకు చెప్పడు. అందుకని నేను చెబుతున్నాను."

ఆమె చాలాసేపు వెన్న కత్తి తుడిచింది.

"మానమని నేను అడగలేదే డింప్నా."

"ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరమ్మా ఈ ఊళ్ళో. అదేగా నా ఏడుపు."

"నా వాయింపు మునుపటిలా లేదు. నలుగురిలో తప్పుతానేమో."

"తప్పితే తప్పు. ఆదివారం రా."

వస్తానని అనలేదు. చూద్దామంది. గుమ్మం దాకా వచ్చి అరడజను గుడ్లు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది.

ఆదివారం పూజ అయ్యాక పబ్బుకి నేను కూడా వెళ్ళాను. నేను ఎప్పుడో గానీ వెళ్ళను, ఆ తాగేవాళ్ళ మధ్య నాకేం పని. ఆ రోజు వెళ్ళాను. మాలకీ కిటికీ పక్కన, ఒడిలో గిటార్, పక్కన ఖాళీ చోటు. అక్కడ ఎవరూ కూచోలేదు, ఎవరూ కూచోవద్దని కూడా అనలేదు. పన్నెండున్నరకి తలుపు తెరుచుకుంది. ఫిడేలు పెట్టె పట్టుకుని అట్రాక్టా. నేరుగా వచ్చి తన చోట్లో కూచుంది. జనవరి నుంచి ఎక్కడికెళ్ళావని ఒక్కరూ అడగలేదు. చేతిపెట్టె వాయించే ఆయన 'వాన తగ్గినట్టుందే' అన్నాడు. మాలకీ గిటార్ వైపు చూస్తూ తలూపాడు, అంతే. ఆమె కమాను ఎత్తింది.

రీళ్ళు, అంటే గబగబా సాగే డాన్సు పాటలు, మూడు వరసగా వాయించారు, ఆపకుండా. మాలకీ తల వంచుకుని, వేళ్ళతో గాలిని కదిపినట్టు, అంత మెత్తగా వాయించాడు. నేను గోడకి ఆనుకుని చూస్తున్నాను. ఆమె మొహం ఒక్కసారి కూడా ముడుచుకోలేదు. అమ్మయ్య అనుకున్నాను. పాట ఆగింది. గ్లాసులు ఎత్తేముందు ఎప్పుడూ వచ్చే ఆ చిన్న నిశ్శబ్దంలో అట్రాక్టా మాలకీ వైపు తిరిగింది. చెవులు సరిగా వినపడనివాళ్ళకి తమ గొంతు ఎంతుందో తెలీదు కదా. గదిలో అందరికీ వినపడేలా అంది.

"మాలకీ, నీ గిటార్ నాకు అస్సలు వినపడలేదు."

ఎవరూ కదల్లేదు. ఏప్రిల్ నుంచి ఆకురాయితో గీకి, వానలో నిలబడి, నా తమ్ముడి చెయ్యి మెత్తబడే దాకా కాచుకుని, చివరికి ఇదా. ఎంత మెత్తన చేశాడంటే ఆమెకి అందకుండానే పోయింది. ఒక్క రోజు ముందు ఆమె ఇంటికెళ్ళి ఆమె ముందు వాయించి చూపించి, ఇలా చాలా, ఇంకాస్త కావాలా అని అడిగుంటే ఎంత బాగుండేది. ఇద్దర్నీ చెరో చెంపా వాయించాలనిపించింది.

మాలకీ తల ఎత్తాడు. వాడు ఆమె మొహంలోకి సూటిగా చూడడం నేను అదే మొదటిసారి చూడడం. పెదాలు చూసి ఆమె పోల్చుకునేలా ఒక్కో మాటా విడదీసి అన్నాడు.

"బాంజో నీకు నొప్పి పెడుతోందని ముందే చెప్పుండాల్సింది నువ్వు."

"నువ్వు అడిగుండాల్సింది."

"అడగాల్సింది." గిటార్ ఒళ్ళో సర్దుకున్నాడు. "ఇంకాస్త గట్టిగా వాయించనా?"

"ప్రయోజనం లేదు మాలకీ. నిన్నటినుంచి ఈ చెవి కూడా బాగా తగ్గిపోయింది. నా ఫిడేలు దవడ ఎముకలోంచి కాస్త తెలుస్తోంది. మిగతాదంతా ఖాళీ." ఆమె ఫిడేలు పెట్టెలో పెట్టబోయింది. "నేను ఇంటికెళ్తాను. మీ తాళం పాడుచేస్తాను."

"నాకు నువ్వు వినపడుతున్నావు," అన్నాడు మాలకీ. పెట్టె మీదికి వంగిన ఆమెకి వినపడలేదు. వాడు ఆమె కుడిచెవికి నోరు దగ్గరగా పెట్టి మళ్ళీ చెప్పాడు, ఊళ్ళో సగం మంది చూస్తుండగా. "నువ్వు నాకు వినపడుతున్నావు. నువ్వు వాయించు."

అట్రాక్టా ఫిడేలు మళ్ళీ బయటికి తీసింది. అందరూ బల్లవైపు తిరిగి కూచోవడం అక్కడ అలవాటు. ఆమె మాత్రం పూర్తిగా మాలకీ వైపు తిరిగి, వాడి కుడిచేతి మీద కళ్ళు పెట్టింది. ఇందాకటిలా గాలిని కదిపినట్టు కాకుండా, ఆమెకి కనపడేలా, మణికట్టు పైదాకా ఎత్తి కిందికి దించుతూ వాడు మొదలుపెట్టాడు. ఆమె ఆ చెయ్యి చూసి కమాను వేసింది. మిగతావాళ్ళు వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నారు.

అది నెమ్మదిపాట. ఆమె రెండు చోట్ల తప్పింది, మూడు చోట్ల వెనకబడింది. తాళం జారితే బిషప్పునైనా పాట మధ్యలో కసురుకునే మనిషి మా మాలకీ. ఆ రోజు ఆమె వెనకబడ్డ చోటల్లా, చెయ్యి గాల్లోనే ఆపి, ఆమె అందుకునేదాకా ఆగాడు.